ఉద్దానం నుంచి వెల్లూరు దాకా: మనుషులను ఏళ్ల తరబడి గమనించే అధ్యయనాలు ఏం చెబుతాయి, ఏం చెప్పలేవు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి తెలుగువారికి కొత్త కాదు. కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఆ పల్లెల్లో షుగర్, బీపీ లేనివారికి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, మంచినీటి పథకాలు వచ్చాయి. కానీ ఈ జబ్బు ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు మాత్రం గట్టి జవాబు ఇంకా రాలేదు. నీటిలో సిలికా, పురుగుమందులు, మండుటెండలో ఒంటిలోని నీరంతా చెమటగా పోయే పని, నొప్పి మాత్రల వాడకం, వంశపారంపర్య లక్షణాలు... అనుమానాల జాబితా మాత్రం పెరుగుతూనే ఉంది.

ఇన్ని సర్వేలు జరిగినా కారణం ఎందుకు తేలడం లేదు? శాస్త్రవేత్తలకు శ్రద్ధ లేక కాదు. ఒకసారి వెళ్లి రక్తం, మూత్రం పరీక్షించి వచ్చే సర్వేకు ఒక హద్దు ఉంది. ఎంతమందికి జబ్బు ఉందో అది చెప్పగలదు. ఎందుకు వచ్చిందో చెప్పడం దాని వల్ల కాదు. అది తెలియాలంటే జబ్బు రాకముందే మనుషులను కలిసి, వివరాలు రాసుకుని, ఏళ్ల తరబడి వారి వెంట ఉండాలి. వైద్య పరిశోధనలో దీన్ని ‘ప్రాస్పెక్టివ్ అబ్జర్వేషనల్ స్టడీ’ అంటారు. తెలుగులో చెప్పాలంటే, ముందుకు సాగుతూ గమనించే అధ్యయనం.

ఒకసారి చేసే సర్వేతో చిక్కేమిటి?

ఒక ఊళ్లో ఈ రోజు సర్వే చేశామనుకుందాం. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఎక్కువమంది డబ్బా నీళ్లు తాగుతున్నారని, లేనివారు బోరు నీళ్లు తాగుతున్నారని తేలింది. అంటే డబ్బా నీళ్ల వల్లే జబ్బు వచ్చిందా? అసలు సంగతి తలకిందులుగా ఉండవచ్చు. జబ్బు బయటపడ్డాక డాక్టరు మాట విని వాళ్లు నీళ్లు మార్చి ఉండవచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఒకసారి చేసే సర్వేలో కనిపించదు.

రెండో చిక్కు జ్ఞాపకం. ‘పదేళ్ల కిందట పొలంలో ఏ మందు కొట్టారు? నొప్పి మాత్రలు ఎన్ని వేసుకునేవారు?’ అని అడిగితే ఆరోగ్యంగా ఉన్నవారు ‘గుర్తు లేదు’ అంటారు. జబ్బు పడినవారు మాత్రం ‘నాకే ఎందుకొచ్చింది’ అని రాత్రీపగలూ ఆలోచించి ఉంటారు కాబట్టి ప్రతి చిన్న విషయాన్నీ తవ్వి చెబుతారు. ఎవరూ అబద్ధం చెప్పరు. అయినా లెక్క ఒక పక్కకు ఒరిగిపోతుంది.

మూడోది, సర్వే బృందం వెళ్లేసరికి చనిపోయినవారు ఆ లెక్కలో ఉండరు. పనికోసం వలస వెళ్లినవారూ ఉండరు. జబ్బు ఎవరిని వేగంగా బలి తీసుకుందో వారే జాబితాలోంచి మాయమవుతారు.

ముందుకు సాగే అధ్యయనం ఈ మూడింటికీ చాలావరకు విరుగుడు. మొదటి రోజున ఆ జబ్బు లేనివారినే చేర్చుకుంటారు. వారి తిండి, నీరు, పని, అలవాట్లు, బరువు, బీపీ, రక్తపరీక్షల ఫలితాలు అప్పుడే నమోదు చేస్తారు. ఆరు నెలలకో, ఏడాదికో మళ్లీ కలుస్తారు. ఎవరికి జబ్బు వచ్చిందో తేలేనాటికి, కారణానికి సంబంధించిన వివరం పాత రికార్డులో అప్పటికే రాసి ఉంటుంది. దాన్ని ఇప్పుడు గుర్తు తెచ్చుకుని మార్చే వీలు లేదు.

ఇప్పటికే జబ్బు ఉన్న రోగులనూ ఇలాగే వెంబడించవచ్చు. అప్పుడు ప్రశ్న మారుతుంది: ఎవరి జబ్బు త్వరగా ముదురుతోంది, ఎవరిది నిలకడగా ఉంటోంది? దేశవ్యాప్తంగా పలు ఆసుపత్రులు కలిసి నడుపుతున్న ‘ఇండియన్ క్రానిక్ కిడ్నీ డిసీజ్’ అధ్యయనం ఈ కోవలోదే. అందులో 4 వేల మందికి పైగా రోగులు చేరారు. చేరేనాటికి వారిలో దాదాపు ఐదో వంతు మందికి జబ్బుకు కారణమేమిటో తెలియదు.

ఇలా ఒక జట్టుగా చేర్చుకుని వెంబడించే మనుషుల సమూహాన్ని ‘కోహోర్ట్’ అంటారు. వీరికి పరిశోధకులు కొత్త మందు ఇవ్వరు, తిండి మార్చరు. జీవితం ఎలా సాగుతుందో అలాగే సాగనిచ్చి రాసుకుంటారు. సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చే క్లినికల్ ట్రయల్‌కూ దీనికీ ఉన్న తేడా అదే.

డాక్టర్లకు రాసిన ఉత్తరాలు

ఈ పద్ధతి బలాన్ని ప్రపంచానికి చూపించింది సిగరెట్. 1951లో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు దేశంలోని డాక్టర్లందరికీ ఉత్తరాలు రాశారు. పొగ తాగుతారా, ఎంత తాగుతారు అన్నవే అందులోని ముఖ్యమైన ప్రశ్నలు. 40 వేల మందికి పైగా జవాబిచ్చారు. ఆ తర్వాత చేసిందల్లా, ఎవరు ఎప్పుడు ఏ కారణంతో చనిపోతున్నారో నమోదు చేసుకోవడమే.

1954లో వచ్చిన మొదటి నివేదిక నాటికి ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 36 మాత్రమే. ఆ 36 మందీ పొగతాగేవారే. అక్కడితో ఆపి ఉంటే కథ సగంలోనే ఉండిపోయేది. కానీ అధ్యయనం 50 ఏళ్లు సాగింది. జీవితాంతం పొగతాగినవారు, తాగనివారికంటే సగటున పదేళ్లు ముందే చనిపోతున్నారని 2004 నివేదిక తేల్చింది. మానేసినవారికి ఎంత మేలు జరుగుతుందో కూడా అందులోనే తేలింది. 30 ఏళ్ల వయసులో మానేస్తే నష్టం దాదాపు పూర్తిగా తప్పుతుంది. 60లో మానేసినా మూడేళ్లు మిగులుతాయి. ఈ మాట చెప్పడానికి ట్రయల్ పెట్టడం కుదిరేది కాదు. ‘మీరు 40 ఏళ్లు సిగరెట్లు తాగండి’ అని ఎవరికీ చెప్పలేం కదా! హాని చేసే విషయాల గురించి తెలుసుకోవడానికి గమనించడమే దారి.

అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 1948లో 5,209 మందితో మొదలైన గుండె అధ్యయనం కూడా ఇలాంటిదే. బీపీ, కొలెస్ట్రాల్, పొగ గుండెపోటుకు దారితీస్తాయని ఈ రోజు ప్రతి డాక్టరూ అలవోకగా చెప్పే మాట వెనుక ఆ పట్టణవాసుల దశాబ్దాల ఓపిక ఉంది.

వెల్లూరు పసిపిల్లలు చెప్పిన పాఠం

విదేశాల్లో తేలినది మనకూ వర్తిస్తుందనుకుంటే ఎక్కడ దెబ్బ తింటామో చెప్పడానికి తమిళనాడులోని వెల్లూరు మంచి ఉదాహరణ.

రోటావైరస్ పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు ప్రధాన కారణాల్లో ఒకటి. 1990లలో మెక్సికోలో 200 మంది శిశువులను పుట్టినప్పటి నుంచి గమనించిన పరిశోధకులు ఒక ఆశాజనకమైన విషయం కనుగొన్నారు. సహజంగా రెండుసార్లు ఈ వైరస్ సోకిన బిడ్డకు ఆ తర్వాత తీవ్రమైన జబ్బు రాలేదు. అంటే టీకాతో ఒకటి రెండు ఇన్‌ఫెక్షన్లను అనుకరిస్తే చాలు, బిడ్డకు రక్షణ దొరుకుతుందన్న ఆశ కలిగింది.

వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో గగన్‌దీప్ కాంగ్ బృందం ఇదే ప్రశ్నను మన పిల్లల దగ్గర వేసింది. పట్టణంలోని మురికివాడల్లో పుట్టిన 452 మంది బిడ్డలను చేర్చుకుని మూడేళ్లు వెంబడించారు. సిబ్బంది వారానికి రెండుసార్లు ఇంటికి వెళ్లేవారు. రెండు వారాలకోసారి, విరేచనాలైన ప్రతిసారీ మలం నమూనా తీసుకునేవారు. మూడేళ్ల చివరిదాకా 373 మంది పిల్లలు మిగిలారు.

ఫలితం మెక్సికోకు భిన్నంగా వచ్చింది. ఆరు నెలలు నిండేసరికే 56 శాతం మందికి వైరస్ సోకింది. సోకినవారికే మళ్లీ మళ్లీ సోకింది. మూడుసార్లు సోకిన తర్వాత కూడా ఒక మోస్తరు నుంచి తీవ్రమైన జబ్బు నుంచి రక్షణ 79 శాతమే. ధనిక దేశాల్లో గొప్పగా పనిచేసిన రోటావైరస్ టీకాలు పేద దేశాల్లో ఎందుకు అంతగా ఫలించడం లేదన్న చిక్కుముడికి ఇదొక ఆధారం. ఇక్కడ సహజమైన ఇన్‌ఫెక్షనే పూర్తి రక్షణ ఇవ్వనప్పుడు, టీకా నుంచి అంతకు మించి ఆశించలేం.

ఈ కథలో హైదరాబాద్‌కూ చోటుంది. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో మహరాజ్ కిషన్ భాన్ బృందం ఒక వింత గమనించింది. ఆసుపత్రిలో పుట్టిన కొందరు శిశువులకు రోటావైరస్ సోకినా విరేచనాలు కాలేదు. ఆ పిల్లలను ఇంటికి పంపేసి మర్చిపోకుండా తర్వాత కూడా వెంబడించారు. ఆ వైరస్ రకం సోకిన బిడ్డలకు రోటావైరస్ విరేచనాలు తక్కువగా వస్తున్నాయని తేలింది. ఆ వైరస్ రకమే 116ఈ. దాని ఆధారంగానే హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ రోటావాక్ టీకా తయారుచేసింది. ఢిల్లీ, పుణె, వెల్లూరు ప్రాంతాల్లో 6,799 మంది శిశువులపై జరిగిన ట్రయల్‌లో, తీవ్రమైన జబ్బు నుంచి మొదటి ఏడాదిలో సుమారు 56 శాతం రక్షణ కనిపించింది. 2016లో కేంద్రం ఈ టీకాను మొదట నాలుగు రాష్ట్రాల్లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

వరుస గమనించండి. ముందు పిల్లలను వెంబడించడం, దానిలోంచి ఒక ఆలోచన, తర్వాత ట్రయల్, చివరికి అంగన్‌వాడీ కేంద్రంలో బిడ్డ నోట్లో ఐదు చుక్కలు. మొదటి మెట్టు లేకపోతే చివరి మెట్టు లేదు.

ఢిల్లీలో 30 ఏళ్లు, హైదరాబాద్ చుట్టూ 29 ఊళ్లు

మన దేశంలో సుదీర్ఘంగా సాగిన అధ్యయనాల్లో న్యూఢిల్లీ బర్త్ కోహోర్ట్ ఒకటి. 1969 నుంచి 1972 మధ్య దక్షిణ ఢిల్లీలో పుట్టిన 8 వేల మందికి పైగా శిశువుల బరువు, ఎత్తు నమోదు చేసి, వారు పెరుగుతున్నకొద్దీ మళ్లీ మళ్లీ కొలిచారు. వారు ముప్పై ఏళ్ల వయసుకు చేరాక 1,492 మందికి షుగర్ పరీక్షలు చేశారు.

షుగర్ వచ్చినవారు, వచ్చే దారిలో ఉన్నవారు చిన్నప్పుడు బొద్దుగా ఉన్నవారని మనం అనుకుంటాం. రికార్డులు వేరే కథ చెప్పాయి. రెండేళ్ల లోపు వారు సన్నగా ఉన్నారు. ఆ తర్వాత మిగతావారికంటే వేగంగా బరువు పెరిగారు. 12 ఏళ్ల వయసులో వారిలో ఒక్కరు కూడా ఊబకాయులు కారు. స్కూల్లో ఆ పిల్లవాడిని చూసిన ఎవరికీ ఏ ప్రమాదమూ కనిపించి ఉండదు. పుట్టినప్పటి నుంచి గీసిన పెరుగుదల గీతలోనే అది కనిపించింది. 2004లో వెలువడిన ఈ ఫలితం, భారతీయులకు సన్నగా ఉన్నా షుగర్ ఎందుకు వస్తోందన్న చర్చకు బలమైన ఆధారమైంది.

హైదరాబాద్ దగ్గర కూడా ఇలాంటి పని ఒకటి జరిగింది. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ 29 గ్రామాల్లో ఒక పరిశీలన చేపట్టింది. అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందిన ఊళ్లను, అప్పటికి ఇంకా అందని ఊళ్లతో పోల్చడం దాని ఉద్దేశం. అది ముగిశాక ఫైళ్లు అటకెక్కలేదు. పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక పరిశోధకులు మళ్లీ వెళ్లి 1,165 మందిని పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. షుగర్‌కు దారితీసే ఇన్సులిన్ నిరోధం వారిలో 20 శాతం తక్కువగా ఉంది. పేదింటి గర్భిణికి పెట్టిన ముద్ద పదిహేనేళ్ల తర్వాత బిడ్డ రక్తనాళాల్లో కనిపిస్తుందని చెప్పగలగడం చిన్న విషయం కాదు. ఆ కుటుంబాలతో సాగుతున్న పరిశోధన నేడు ‘ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ’గా ప్రసిద్ధి పొందింది.

గమనించడం వేరు, తేల్చడం వేరు

ఇంత బలమున్న పద్ధతికి పెద్ద బలహీనత కూడా ఉంది. జీవితాన్ని దాని దారిన సాగనిస్తాం కాబట్టి, రెండు జట్లూ ఒక్క విషయంలోనే తేడాగా ఉండవు.

అమెరికాలో 1976లో లక్షా 20 వేల మందికి పైగా నర్సులతో మొదలైన అధ్యయనంలో, నెలసరి ఆగాక హార్మోన్ మాత్రలు వాడిన మహిళలకు గుండెజబ్బులు చాలా తక్కువగా కనిపించాయి. ఏళ్లపాటు డాక్టర్లు గుండెకు మంచిదని కూడా ఆ మాత్రలు రాశారు. తర్వాత 16,608 మంది మహిళలతో ట్రయల్ పెట్టారు. 2002లో దాన్ని గడువుకు ముందే ఆపేయాల్సి వచ్చింది. మాత్రలు వాడినవారిలో గుండెజబ్బులు తగ్గకపోగా 29 శాతం పెరిగాయి. రొమ్ము క్యాన్సర్లు 26 శాతం పెరిగాయి.

నర్సుల రికార్డుల్లో తప్పు లేదు. కానీ మాత్రలు వాడినవారు సాధారణంగా ఆరోగ్యంపై ఎక్కువ శ్రద్ధ ఉన్నవారు, చెకప్‌లకు వెళ్లేవారు. గుండెను కాపాడింది మాత్రా, శ్రద్ధా అన్నది విడదీయడం కష్టమైంది. మెనోపాజ్ వచ్చిన ఎన్నేళ్లకు మాత్రలు మొదలుపెట్టారన్నది కూడా ఫలితాన్ని మారుస్తుందన్న చర్చ తర్వాత జరిగింది. చెప్పుకోవాల్సిన నీతి ఒకటే: రెండు విషయాలు కలిసి నడిచినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. సిగరెట్ విషయంలో నమ్మకం కుదరడానికి కారణం వేరే. ప్రమాదం ఎన్నో రెట్లు పెద్దది. ఎక్కువ తాగితే ఎక్కువ, మానేస్తే తక్కువ. ఏ దేశంలో చూసినా అదే ఫలితం.

మధ్యలో తప్పిపోయేవారు

ఈ అధ్యయనాల ప్రాణం ఫాలోఅప్‌లో ఉంది. ఢిల్లీలో 8 వేలకు పైగా శిశువులతో మొదలై, ముప్పై ఏళ్ల తర్వాత 1,492 మంది దగ్గరికి చేరిందంటే ప్రతి ఐదుగురిలో ఒకరు కూడా మిగల్లేదన్నమాట. కొన్ని కుటుంబాలు అనధికార ఇళ్లు కూల్చేయడంతోనే ఆ ప్రాంతం వదిలి వెళ్లిపోయాయి.

తప్పిపోయినవారు మిగిలినవారిలాంటివారే అయితే పెద్ద నష్టం లేదు. సాధారణంగా అలా ఉండదు. అద్దె ఇళ్లవారు, వలస కూలీలు, పెళ్లయి వేరే ఊరు వెళ్లిన ఆడపిల్లలు, జబ్బు ముదిరి మంచాన పడ్డవారు ముందుగా జారిపోతారు. చివరికి మిగిలేది సొంతిల్లు, స్థిరమైన పని ఉన్నవారు. అప్పుడు అధ్యయనం పేదల పేరుతో మొదలై కాస్త కలిగినవారి గురించి చెబుతుంది. ఉద్దానం లాంటి చోట ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడి నుంచి పనికోసం దూరప్రాంతాలకు వెళ్లేవారు చాలామంది. ఫోను నంబరు మారితే మనిషి జాడ పోతుంది. పేరు పేరునా తెలిసిన ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఉంటే జాడ దొరుకుతుంది. ఖరీదైన యంత్రాలకంటే, పదేళ్లపాటు ఉద్యోగం ఉంటుందన్న భరోసా ఉన్న ఫీల్డ్ సిబ్బందే ఇలాంటి పరిశోధనకు ముఖ్యం. మన దగ్గర నిధులు మాత్రం ఎక్కువగా మూడేళ్ల, ఐదేళ్ల ప్రాజెక్టులుగా వస్తాయి.

చూస్తూ ఊరుకోవచ్చా?

అన్నిటికంటే కఠినమైన ప్రశ్న ఇది. గమనిస్తున్న మనిషికి జబ్బు ముదురుతోందని తెలిస్తే పరిశోధకుడు ఏం చేయాలి?

అమెరికాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 వరకు నల్లజాతి పురుషులకు సిఫిలిస్ ఉందని తెలిసీ, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా, చికిత్స ఇవ్వకుండా గమనించారు. దాన్ని పరాయి దేశపు పాపంగా చెప్పుకుని ఊరుకోలేం. 1976 నుంచి 1988 వరకు ఢిల్లీలో భారత వైద్య పరిశోధన మండలికి చెందిన సంస్థ, గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందస్తు మార్పులున్న 1,100 మందికి పైగా మహిళలను చికిత్స చేయకుండా గమనించింది. ఏ మార్పు క్యాన్సర్‌గా మారుతుందో తెలుసుకోవడం లక్ష్యం. తొమ్మిది మందిలో అది చుట్టూ వ్యాపించే క్యాన్సర్‌గా ముదిరింది. 1997లో ఈ విషయం బయటికొచ్చినప్పుడు, రాతపూర్వక అనుమతి తీసుకోలేదన్నదీ వివాదమైంది. మనుషులపై పరిశోధనలకు ఐసీఎంఆర్ తొలి విధాన ప్రకటన 1980లోనే వెలువడింది. సమగ్ర నైతిక మార్గదర్శకాలు మాత్రం 2000లో వచ్చాయి. వాటిని 2017లో విస్తరించారు.

నేటి నియమం స్పష్టం. పరిశోధన అంటే ఏమిటో పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో చెప్పి, వారి అనుమతి తీసుకోవాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకునే హక్కు వారికి ఉంటుంది. పరీక్షలో జబ్బు బయటపడితే వారికి చెప్పి చికిత్సకు పంపాలి. దీనివల్ల ‘సహజ గమనం’ చెదిరిపోతుందనేవారు ఉన్నారు. చెదరనివ్వాలి. మనిషి కంటే లెక్క ముఖ్యం కాదు.

వార్త చదివేటప్పుడు

‘ఫలానాది తింటే గుండెజబ్బు ముప్పు 30 శాతం ఎక్కువ’ అని రోజూ ఏదో ఒక వార్త కనిపిస్తూ ఉంటుంది. అప్పుడు కొన్ని విషయాలు వెతకాలి. మనుషులను ముందు నుంచి వెంబడించారా, లేక జబ్బు వచ్చాక అడిగారా? ఎంతమందితో మొదలై ఎంతమంది మిగిలారు? ఎక్కడి మనుషులు? వయసు, ఆదాయం, పొగ లాంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నారా?

ఆ ‘శాతం’ దేనిలో శాతమో కూడా చూడాలి. హార్మోన్ ట్రయల్‌లో గుండెజబ్బు 29 శాతం పెరిగిందంటే భయం వేస్తుంది. అదే లెక్కను విప్పి చూస్తే, మాత్రలు వాడని 10 వేల మందిలో ఏడాదికి 30 మందికి వస్తే, వాడినవారిలో 37 మందికి వచ్చింది. రెండూ నిజమే. ఒక మహిళ తన డాక్టరుతో మాట్లాడటానికి ఉపయోగపడేది రెండో అంకె.

ఉద్దానానికి తిరిగి వస్తే, అక్కడ జరిగిన ఒక క్రమబద్ధమైన సర్వేలో 2,400 మందికి పైగా పెద్దలను పరీక్షించినప్పుడు దాదాపు 18 శాతం మందికి కిడ్నీ జబ్బు కనిపించింది. అది సమస్య ఎంతటిదో చెప్పింది. కారణం కావాలంటే ఇప్పుడు ఇరవై ఏళ్లున్న, కిడ్నీలు బాగున్న యువకులను చేర్చుకుని, వారు తాగే నీటినీ చేసే పనినీ ఏటా నమోదు చేస్తూ, వలస వెళ్తే అక్కడికీ వెళ్లి, పదిహేను ఇరవై ఏళ్లు ఆగాలి. ఏ ప్రభుత్వ పదవీకాలంలోనూ ఇమడని పని ఇది. ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది గానీ, పదో ఏటి ఫాలోఅప్‌కు ఉండదు. అందుకే దానికి డబ్బు కేటాయించడం కష్టం. కేటాయించకపోతే మాత్రం, ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఉద్దానంలో మరో సర్వే జరుగుతుంది, అదే అనుమానాల జాబితా మళ్లీ వస్తుంది.